గజ్జ సందు: కడుపు గోడ కండరాల గుడ్డ నమూనా, ప్రాజెక్టు డైరీ

విశాఖపట్నంలో ఒక పారామెడికల్ కళాశాలలో మొదటి ఏడాది విద్యార్థులకు నేను శరీర నిర్మాణం బోధిస్తాను. 1923లో మొదలైన ఆంధ్రా మెడికల్ కాలేజీ ఉన్న ఊరే అయినా, మా పిల్లలకు శవచ్ఛేదన పాఠ్యాంశం కాదు. వారికి దొరికేది పుస్తకంలోని బొమ్మ, గోడ మీది చార్టు మాత్రమే. కడుపు గోడ కండరాలు, గజ్జ భాగం బొమ్మలో చూసి అర్థమయ్యేవి కావు. అక్కడ ఉన్న విషయమంతా ఒక పొర వెనుక మరొక పొర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందన్నదే. అందుకని ఒక్కొక్క పొరా విప్పి చూడగలిగే నమూనాను గుడ్డతో కుట్టించాను. దీనిని మళ్ళీ తయారుచేసుకోవాలనుకునేవారికి నా కొలతలు పనికిరావాలని, నేను పాడుచేసిన గుడ్డ వారు పాడుచేయకూడదని ఈ వివరాలు రాస్తున్నాను.

తీసుకున్న భాగం కుడివైపు, బొడ్డు నుంచి గజ్జ దాకా. అందులో ముఖ్యమైనది ఇంగ్వైనల్ కెనాల్, అంటే గజ్జలో కడుపు గోడ పొరల మధ్య ఏటవాలుగా సాగే దారి. మగవారిలో వృషణానికి వెళ్ళే తాడు (స్పెర్మాటిక్ కార్డ్) దాని లోపలి ద్వారం గుండా వచ్చి, బయటి ద్వారం గుండా బయటపడుతుంది. పరిమాణం అసలుకు రెండింతలు. చర్మాన్నీ దాని కింది కొవ్వు పొరలనూ వదిలేశాను. పని మొదలుపెట్టే ముందు గోడకు అంటించుకున్న కొలతలు ఇవి:

1. తుంటి ఎముక ముందు మొన నుంచి జఘన ఎముక (కడుపు కింది కొసన ముందువైపు ఉండే ఎముక) మీది బొడిపె దాకా శరీరంలో సుమారు 12 సెం.మీ.; నమూనాలో 24.
2. ఆ బొడిపె నుంచి నడిగీత దాకా 2.5 సెం.మీ.గా తీసుకున్నాను, నమూనాలో 5.
3. లోపలి ద్వారం, ఇంగ్వైనల్ లిగమెంట్ (తుంటి మొన నుంచి ఆ బొడిపె దాకా బిగిసి ఉండే పట్టీ) మధ్యబిందువుకు సుమారు 1.25 సెం.మీ. పైన, నమూనాలో 2.5.
4. ఇంగ్వైనల్ కెనాల్ పొడవు సుమారు 4 సెం.మీ.; నమూనాలో 8.
5. బొడ్డు నుంచి జఘన సంధి (రెండు జఘన ఎముకలూ నడిగీత దగ్గర కలిసే చోటు) దాకా 15 సెం.మీ.గా తీసుకున్నాను, నమూనాలో 30.

పేర్ల గురించి ఒక మాట. ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్‌ను పైపొర అని, ఇంటర్నల్ ఆబ్లిక్‌ను నడిమిపొర అని, ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్‌ను లోపొర అని ఇకపై రాస్తాను. లోపలివైపు అంటే నడిగీత వైపు, బయటివైపు అంటే తుంటి వైపు. తరగతిలో కూడా ముందు ఈ మాటలే వాడి, పొరల వరుస నోటికి వచ్చాక అసలు పేర్లు చెబుతాను.

మొదటి దశ: చట్రం, ఎముకలు (ఆగస్టు 3 నుంచి 17)

చట్రానికి 12 మి.మీ. ప్లైవుడ్ 60 × 45 సెం.మీ. ముక్క తీసుకుని, వెనుక నుంచి చేయి పెట్టగలిగేలా మధ్యలో కిటికీ కోయించాను. ఇంతవరకు ఇబ్బంది లేదు. ఎముకల దగ్గరే పదిహేను రోజులు పోయాయి.

ఇళ్ళలో బుట్టలకు పూసే పద్ధతిలో పాత వార్తాపత్రికలు నానబెట్టి, మెంతులు రుబ్బి, ఫెవికాల్ కలిపి గుజ్జు చేసి తుంటి ఎముక ముందు భాగాన్ని మలిచాను. మా అమ్మమ్మ గుజ్జు బుట్టలు వేసవిలో చేసేది. నేను ఆగస్టులో, సముద్రానికి కిలోమీటరు దూరంలోని ఇంట్లో చేశాను. అయిదో రోజుకు కూడా లోపల తడి ఆరలేదు. ఎనిమిదో రోజున పచ్చని బూజు కనిపించింది. పంకా కింద పెట్టి ఆరబెట్టాక పన్నెండో రోజున కొలిస్తే రెండు మొనల మధ్య దూరం 24 నుంచి 22.6 సెం.మీ.కు తగ్గింది. ఎముక కుదించుకుపోతే దానికి కట్టే ప్రతి పొరా తప్పుతుంది కనుక దానిని పారేశాను.

మార్చిన పద్ధతి:

1. 25 మి.మీ. మందం ఉన్న మామిడి పలక మీద తుంటి ఎముక అంచును గీసి వడ్రంగి చేత కోయించాలి.
2. రెండు మొనలకు బదులు ఏటికొప్పాక నుంచి తెప్పించిన అంకుడు కర్ర గుబ్బలను స్క్రూలతో బిగించాలి. అంకుడు మెత్తగా ఉంటుంది, స్క్రూ ఎక్కించినప్పుడు పగలదు.
3. గుబ్బల మధ్య దూరాన్ని బిగించిన రోజున, వారం తర్వాత మళ్ళీ కొలవాలి. నాకు రెండుసార్లూ 24.0 వచ్చింది.

ఇక్కడే మరొక తప్పు జరిగింది. లోపలి ద్వారానికి గుర్తు పెట్టేటప్పుడు టేపును బొడిపె దగ్గర ఆపకుండా జఘన సంధి దాకా లాగి సగం తీశాను. తుంటి మొనకూ జఘన సంధికీ నడుమ ఉన్న బిందువు వేరు, తుంటి మొనకూ బొడిపెకూ నడుమ ఉన్న బిందువు వేరు. మొదటిది తొడ ధమని నాడి దొరికే చోటు. రెండోది ఇంగ్వైనల్ లిగమెంట్ మధ్యబిందువు, లోపలి ద్వారానికి ఆధారం. నమూనాలో ఈ రెంటికీ తేడా రెండు సెంటీమీటర్లకు పైగా వచ్చింది. పరీక్షల్లో పిల్లలు ఎక్కువగా తడబడేది కూడా ఇక్కడే. అందుకని చెరిపేయకుండా రెండు గుర్తులనూ వేర్వేరు రంగుల్లో ఉంచాను.

ఇంతవరకు: ఖర్చు 1,040 రూపాయలు, పని 15 గంటలు. పారేసినది: ఒక గుజ్జు ఎముక.

రెండో దశ: పైపు పెట్టి చేసిన తప్పు (ఆగస్టు 18 నుంచి 31)

పూర్ణా మార్కెట్‌లో కండరాలకు ఎర్ర పాప్లిన్, అపోన్యూరోసిస్‌కు తెల్లని బక్రం, మిగిలిన వాటికి లైనింగ్ గుడ్డ కొన్నాను. అపోన్యూరోసిస్ అంటే కండరం పలుచని తెల్లని పొరగా మారిన భాగం. రేకులా పరుచుకున్న స్నాయువు అనుకోవచ్చు. మూడు పొరలనూ ఒకే ఆకారంలో కోసి ఒకదాని మీద ఒకటి పరచి, కెనాల్ ఉండవలసిన చోట మూడింటికీ రంధ్రం చేసి, 25 మి.మీ. ప్లాస్టిక్ పైపు ముక్కను 8 సెం.మీ. పొడవున ఏటవాలుగా దూర్చాను. పైపులోంచి ఒక తాడు. చూడటానికి శుభ్రంగా ఉంది.

తరగతిలో ఒక అమ్మాయి పైపును వేలితో తట్టి, “సార్, ఇది ఏ కణజాలంతో తయారవుతుంది?” అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే శరీరంలో అటువంటిది లేనే లేదు. తెలుగు పుస్తకాల్లో ఇంగ్వైనల్ కెనాల్‌ను నాళం అంటారు, ఇంగ్లీషు పేరు వింటే కాలువ గుర్తుకొస్తుంది. రెండు మాటలూ గొట్టాన్నే కళ్ళ ముందు పెడతాయి. నేను కూడా ఏళ్ళ తరబడి ఆ మాటనే చెప్పి, చివరికి దానిని పైపుగా బిగించి చూపించాను.

పొరలు విప్పించడానికి మా వీధి చివర కుట్టుమిషన్ పెట్టుకున్న అక్క దగ్గరకు తీసుకెళ్ళాను. ఆమె పుట్టి పెరిగింది వన్‌టౌన్‌లో. విషయం విని, “పైపెందుకు మాస్టారూ? రెండిళ్ళ మధ్య సందుకు ఎవరైనా వేరే గోడ కడతారా? అటు ఇంటి గోడ, ఇటు ఇంటి గోడ, అంతే కదా,” అన్నారు.

ఆ రోజు నుంచి నా పాఠంలో దాని పేరు గజ్జ సందు. సందుకు సొంత గోడలు లేవు. ముందు గోడ పైపొర; బయటివైపు మూడో వంతులో దానికి నడిమిపొర కూడా తోడవుతుంది. వెనుక గోడ ట్రాన్స్‌వర్సాలిస్ ఫేషియా, అంటే లోపొర వెనుక పరుచుకున్న పలుచని పొర. లోపలివైపు దానికి కంజాయింట్ టెండన్ (నడిమిపొర, లోపొరల కింది అంచులు కలిసిన స్నాయువు) బలమిస్తుంది. కప్పు నడిమిపొర, లోపొరల వంపు అంచులు. నేల ఇంగ్వైనల్ లిగమెంట్ పైముఖం. లోపలి కొనలో దాని నుంచే విస్తరించే చిన్న పట్టీ లాక్యూనార్ లిగమెంట్. ఇలా ప్రతి గోడా వేరే పని మీద అక్కడ ఉన్న పొరే. పైపు తీసేశాక మిగిలిన పని అంతా ఒకటే: ఏ పొరను ఎక్కడ ఆపితే ఈ సందు తనంతట తానే ఏర్పడుతుందో కనిపెట్టడం.

ఇంతవరకు: ఖర్చు 1,400 రూపాయలు, పని 26 గంటలు. మొదటి మూడు పొరలనూ పారేయకుండా దాచాను. ఏడో దశలో పనికొచ్చాయి.

మూడో దశ: పైపొర, మూడుసార్లు (సెప్టెంబరు 1 నుంచి 14)

మొదటి కుట్టు. పాప్లిన్‌ను నిలువు పోగు మీద కోశాను. పైపొర పోగులు డొక్క నుంచి కిందికీ ముందుకూ, ప్యాంటు జేబులో చేయి పెట్టినప్పుడు వేళ్ళు చూపే దిక్కున సాగుతాయి. నిలువు పోగు గుడ్డ మీద ఆ దిక్కును స్కెచ్ పెన్నుతో గీస్తే కంటికి సరిపోయింది గానీ, గుడ్డను లాగినప్పుడు బలం పోగు వెంట నిలువుగా పోయింది తప్ప గీత వెంట పోలేదు. చేత్తో లాగి చూడడానికి చేసిన నమూనాలో అది అబద్ధమే అవుతుంది.

రెండో కుట్టు. జాకెట్లకు చేసినట్టు క్రాస్ కటింగ్ చేయించాను. పోగు దిక్కు కుదిరింది. కానీ క్రాస్ గుడ్డ సాగుతుంది. చట్రానికి బిగించిన నాలుగో రోజుకు కింది అంచు 1.8 సెం.మీ. జారి, బయటి ద్వారం నోరు తెరుచుకుంది.

మూడో కుట్టు. అక్క సలహా మీద కింద సాగని బక్రం పరచి, దాని మీద ఎర్ర శాటిన్ రిబ్బను ముక్కలను పోగు దిక్కున పక్కపక్కన కుట్టించాను. ఇది నిలబడింది. అయితే రిబ్బనును గజ్జ దాకా కుట్టించడం నా తప్పు. తుంటి మొన నుంచి బొడ్డుకు గీత గీస్తే, దాని కింద పైపొరలో కండరం పోగులు ఉండవు. అక్కడంతా తెల్లని అపోన్యూరోసిస్ మాత్రమే. నా నమూనాలో ఎరుపు పైనున్న డొక్క మూలకే పరిమితం కావాలి. పదకొండు రిబ్బను ముక్కలను మళ్ళీ విప్పవలసి వచ్చింది. గజ్జ దగ్గర కోసి చూసే శస్త్రవైద్యునికి ముందుగా కనిపించేది ఎర్రని కండరం కాదు, మెరిసే తెల్లని పొర అని పిల్లలకు ఇప్పుడు నమూనాయే చెబుతుంది.

ఇంగ్వైనల్ లిగమెంట్‌ను మొదట విడి తాడుగా కట్టాను. అదీ మార్చాను. అది విడిగా ఉండే తాడు కాదు. పైపొర అపోన్యూరోసిస్ కింది అంచే లోపలికి మడత పడి, తుంటి మొనకూ బొడిపెకూ నడుమ బిగిసి ఉంటుంది. లంగా అంచు మడిచి కుట్టినట్టు బక్రం అంచును 2 సెం.మీ. లోపలికి మడిపించాను. మడత పైకి తెరిచి ఉండాలి. ఆ గాడే సందుకు నేల. తాడు కట్టినప్పుడు నేల అనే మాటకు అర్థం ఉండేది కాదు.

ఇక బయటి ద్వారం. ఇక్కడ లెక్క కుదరక రెండు సాయంత్రాలు కూర్చున్నాను. లోపలి ద్వారం బొడిపె నుంచి 12 సెం.మీ. దూరాన ఉంది. బయటి ద్వారం బొడిపె దగ్గరే ఉంటుంది. అలాగైతే సందు పొడవు 12 రావాలి, పుస్తకం ప్రకారం నా నమూనాలో 8 కావాలి. నా పొరపాటు బయటి ద్వారాన్ని గుండ్రని రంధ్రంగా అనుకోవడం. అది త్రికోణం. శరీరంలో దాని పొడవు సుమారు 2.5 సెం.మీ., అంటే నమూనాలో 5. పీఠం బొడిపెకు లోపలివైపున జఘన ఎముక అంచు మీద ఉంటుంది, కొన పైకీ బయటికీ చూస్తుంది. నమూనాలో ఆ కొన బొడిపెకు 3 సెం.మీ. బయటికి వచ్చింది. లోపలి ద్వారం వెడల్పు నేను 2 సెం.మీ. పెట్టాను కనుక దాని లోపలి అంచుకు మరొక సెంటీమీటరు పోతుంది. 12 లోంచి 3, 1 తీసేస్తే 8. రెండు పుస్తకాల్లోని రెండు కొలతలూ సరైనవే; నేను వాటిని తప్పు చోట్ల నుంచి కొలిచాను.

బయటి ద్వారం కోసే వరుస:

1. బక్రం మీద ముందుగా రెండు పట్టీలను గుర్తించాలి. బయటి పట్టీ బొడిపెకు, లోపలి పట్టీ జఘన సంధి ముందుకు చేరుతుంది.
2. కొన నుంచి పీఠం వైపు మాత్రమే కత్తెర పెట్టాలి. ఎదురుగా కోస్తే కొన చిరుగుతుంది.
3. అంచుకు కాజా కుట్టు వేయాలి.

ఇంతవరకు: ఖర్చు 1,980 రూపాయలు, పని 40 గంటలు. పారేసినవి: రెండు పైపొరలు, ఒక తాడు.

నాలుగో దశ: 16, 8 (సెప్టెంబరు 15 నుంచి 24)

నమూనా మొత్తంలో నాకు ఎక్కువ నేర్పినది ఈ దశ. మొదటి ప్రయత్నంలో నడిమిపొరనూ లోపొరనూ మడత అంచు పొడవునా, 24 సెం.మీ.లకూ కుట్టించాను. అప్పుడు తాడు బయటికి వచ్చే దారే లేదు. విప్పి, పుస్తకంలోని భిన్నాలను సెంటీమీటర్లలోకి మార్చి టేపు పెట్టాను. నడిమిపొర లిగమెంట్ బయటి మూడింట రెండు వంతుల నుంచి పుడుతుంది: తుంటి మొన నుంచి 16 సెం.మీ. లోపొర బయటి మూడో వంతు నుంచి: 8 సెం.మీ. లోపలి ద్వారం 12 దగ్గర ఉంది.

ఈ మూడు సంఖ్యలను ఒక గీత మీద పెట్టి చూడండి. లోపొర 8 దగ్గరే ఆగిపోతుంది కనుక లోపలి ద్వారాన్ని కప్పదు. తాడు దాని వంపు అంచు కింది నుంచి పోతుంది. నడిమిపొర 16 దాకా వస్తుంది కనుక 12 దగ్గరున్న లోపలి ద్వారానికి ఎదురుగా, ముందు గోడలో, తలుపులా నిలుస్తుంది. ఆపైన రెండు పొరల వంపు అంచులూ తాడు మీదుగా దాటి, దాని వెనక్కి దిగి, కలిసి కంజాయింట్ టెండన్‌గా జఘన ఎముకకు అంటుకుంటాయి. అంటే బయటి ద్వారానికి వెనుక. వెనుక గోడ బలహీనంగా ఉన్న లోపలి ద్వారం దగ్గర ముందు గోడకు కండరం తోడైంది. ముందు గోడ తెరుచుకున్న బయటి ద్వారం దగ్గర వెనుక గోడకు టెండన్ తోడైంది. పదేళ్ళుగా ఈ వాక్యాన్ని పాఠంలో చెబుతున్నాను. 16, 8, 12 అని సుద్దముక్కతో చట్రం మీద రాసుకున్న రోజునే నాకు అది పూర్తిగా అర్థమైంది.

పోగుల దిక్కు కూడా తప్పకూడదు. నడిమిపొర పోగులు పైపొరకు అడ్డంగా, తుంటి నుంచి పైకీ ముందుకూ పోతాయి. గజ్జ దగ్గర మాత్రం దాని కింది పోగులు వంగి కిందికి దిగుతాయి. లోపొర పోగులు దాదాపు అడ్డంగా సాగుతాయి. వంపు అంచుకు రిబ్బనును వేడి ఇస్త్రీతో వంచి కుట్టాలి. మడిచి కుడితే కుచ్చు పడుతుంది.

ట్రాన్స్‌వర్సాలిస్ ఫేషియాకు మల్లు గుడ్డ వాడాను. అది లోపొర వెనుక మొత్తం పరుచుకుంటుంది. లోపలి ద్వారం అందులోనిదే.

ఇంతవరకు: ఖర్చు 2,115 రూపాయలు, పని 49 గంటలు.

అయిదో దశ: రెక్టస్ తొడుగు (సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 3)

నడిగీత పక్కనున్న నిలువు కండరం రెక్టస్. మూడు పొరల అపోన్యూరోసిస్‌లే దానికి తొడుగు అవుతాయి. నమూనా పైభాగంలో నడిమిపొర బక్రం రెండుగా చీలుతుంది: ముందు రేకు పైపొరతో కలిసి కండరానికి ముందు, వెనుక రేకు లోపొరతో కలిసి కండరానికి వెనుక పోతాయి. బొడ్డు దగ్గర కండరంలో అడ్డంగా ఉండే తెల్లని పట్టీని ముందు తొడుగుకు మాత్రమే కుట్టాను, ఎందుకంటే అది వెనుక తొడుగుకు అంటుకోదు.

వెనుక తొడుగును జఘన ఎముక దాకా కుట్టేసి పని అయిపోయిందనుకున్నాను. తప్పు మూడు రోజుల తర్వాత, రక్తనాళాలు బిగించేటప్పుడు బయటపడింది. ఇన్‌ఫీరియర్ ఎపిగాస్ట్రిక్ ధమనికి ఎర్ర వైరు పెట్టాను. అది గజ్జ వెనుకనున్న ఎక్స్‌టర్నల్ ఇలియాక్ ధమని నుంచి పుట్టి, లోపలి ద్వారానికి లోపలివైపుగా పైకి ఎక్కి రెక్టస్ తొడుగులోకి వెళ్ళాలి. వైరు ఎంత తిప్పినా తొడుగులోకి పోయే దారి లేదు. అప్పుడు గుర్తొచ్చింది: బొడ్డుకూ జఘన సంధికీ సుమారు నడుమ వెనుక తొడుగు ఒక వంపు అంచుతో ఆగిపోతుంది. దానినే ఆర్క్యుయేట్ లైన్ అంటారు. దాని ఎత్తు మనిషికీ మనిషికీ కొంత మారుతుంది. ఆ గీత కింద మూడు అపోన్యూరోసిస్‌లూ కండరానికి ముందుకే వచ్చేస్తాయి, వెనుక ట్రాన్స్‌వర్సాలిస్ ఫేషియా మాత్రమే మిగులుతుంది. ధమని ఆ అంచుకు ముందు నుంచే లోపలికి దూరుతుంది.

బొడ్డుకు 15 సెం.మీ. కింద వెనుక తొడుగును కోసి అంచు వంపు చేయించాను. వైరు సులువుగా వెళ్ళిపోయింది. ఈ నమూనాను చేసేవారు వైరును ముందే కట్టి, తొడుగును తర్వాత కుట్టుకుంటే ఈ పొరపాటు జరగదు.

తొడుగు ముందు భాగం తెరవడానికి వెల్‌క్రో, పిరమిడాలిస్ అనే చిన్న త్రికోణ కండరానికి టిచ్ బటన్లు పెట్టాను. కొందరిలో ఆ కండరం ఉండదు కనుక దానిని తీసి పక్కన పెట్టి కూడా చూపించవచ్చు.

ఇంతవరకు: ఖర్చు 2,275 రూపాయలు, పని 57 గంటలు.

ఆరో దశ: తాడు, దాని తొడుగులు (అక్టోబరు 4 నుంచి 7)

స్పెర్మాటిక్ కార్డ్‌కు మందపాటి మొలతాడు వాడాను. పెద్దగా ఇబ్బంది రాలేదు, ఒక్క మార్పు తప్ప. లోపలి ద్వారాన్ని మొదట మల్లు గుడ్డలో రంధ్రంగా కోశాను. నిజానికి అక్కడ ఫేషియా తెగిపోదు, చొక్కాకు చేయి కుట్టినట్టు తాడు వెంట గొట్టంలా సాగుతుంది. అందుకని మూడు చేతులు కుట్టించాను: లోపలిది మల్లు గుడ్డతో ఫేషియా నుంచి, మధ్యది ఎర్ర దారపు ఉచ్చులతో నడిమిపొర నుంచి, బయటిది పలుచని లైనింగ్‌తో బయటి ద్వారం అంచు నుంచి. మధ్యదాని పేరు క్రిమాస్టర్. లోపొర ఈ తొడుగులకు ఏమీ ఇవ్వదు. అది 8 దగ్గరే ఆగిపోయిందని నాలుగో దశలో చూశాం.

ఇలియోఇంగ్వైనల్ నరానికి పసుపు పట్టు దారం. ఇది లోపలి ద్వారం గుండా రాదు. నడిమిపొరను చీల్చుకుని సందులోకి పక్క నుంచి వచ్చి, బయటి ద్వారం గుండా బయటపడుతుంది. స్త్రీ శరీరాన్ని చూపడానికి మొలతాడు తీసి సన్నని తెల్లని నాడాను గర్భాశయపు రౌండ్ లిగమెంట్‌గా పెట్టవచ్చు, పొరలు అవే.

ఇంతవరకు: ఖర్చు 2,370 రూపాయలు, పని 62 గంటలు.

ఏడో దశ: ఒత్తిడి పరీక్ష (అక్టోబరు 8 నుంచి 16)

పేగు వంటిది కడుపు గోడను దాటి బయటికి ఉబ్బడాన్ని హెర్నియా అంటారు. దానిని ఆపడంలో సందు ఏటవాలుగా ఉండడం వల్ల ప్రయోజనమేమిటో చేత్తో చూపించాలనుకున్నాను. బీపీ మిషన్ పట్టీలోని రబ్బరు సంచిని మల్లు గుడ్డ వెనుక ఉంచి, కిటికీకి వెనుక పలక బిగించాను. పేగుకు బదులు సగం గాలి నింపిన పొడవాటి బెలూన్ కొనను లోపలి ద్వారం దగ్గర పెట్టాను. కింది సంఖ్యలు ఈ గుడ్డకూ ఈ బెలూన్‌కూ సంబంధించినవే, శరీరానికి అన్వయించేవి కావు.

1. దాచిన పాత పొరలు, పైపుతో: 20 మి.మీ. పాదరసం దగ్గరే బెలూన్ కొన బయటికి వచ్చింది.
2. కొత్త పొరలు, పైపు లేకుండా: 60 దాకా రాలేదు; 70 దగ్గర కొన కనిపించింది.
3. అవే పొరలు, నడిమిపొర, లోపొరలకు కట్టిన దారాలను లాగి వంపు అంచును 1.5 సెం.మీ. కిందికి దించితే: 90 దాకా రాలేదు. సంచి పగులుతుందని అక్కడ ఆపాను.

ప్రతి పరీక్షా అయిదుసార్లు చేశాను. తేడా 5 మి.మీ. దాటలేదు. రెండో ఫలితానికి కారణం వెనుక నుంచి వచ్చే ఒత్తిడి వెనుక గోడను ముందు గోడకు ఆనించి సందును మూసేయడం. సందుకు సొంత గోడలు ఉంటే ఇది జరగదు. మూడో ఫలితం మనం దగ్గినప్పుడు, బరువెత్తినప్పుడు కండరాలు బిగిసి కప్పును కిందికి దించడానికి పోలిక. పసిపిల్లల్లో రెండు ద్వారాలూ దాదాపు ఒకదాని వెనుక ఒకటి ఉండి సందు పొట్టిగా, తిన్నగా ఉంటుంది. వారికి ఈ ఏటవాలు రక్షణ ఇంకా ఏర్పడి ఉండదు.

తర్వాత ఎర్ర వైరుకు లోపలివైపు పరీక్షించాను. వైరు, రెక్టస్ బయటి అంచు, ఇంగ్వైనల్ లిగమెంట్ కలిసి ఒక త్రికోణం అవుతాయి. జర్మన్ శస్త్రవైద్యుడు, శరీర నిర్మాణవేత్త ఫ్రాంజ్ కాస్పర్ హెస్సెల్‌బాఖ్ (1759–1816) పేరు మీద దానిని పిలుస్తారు. అక్కడి మల్లు గుడ్డను వదులుగా మార్చి ఒత్తిడి పెడితే 50 దగ్గర గోడ తిన్నగా ముందుకు ఉబ్బింది. వైరుకు బయట నుంచి, లోపలి ద్వారం గుండా సందు వెంట వచ్చేది ఇన్‌డైరెక్ట్ హెర్నియా. వైరుకు లోపలివైపు గోడనే తోసుకుని వచ్చేది డైరెక్ట్. మన ఊళ్ళలో రెండింటినీ “పేగు జారింది” అనే అంటారు. వాటిని వేరుచేసే గుర్తు ఆ ఒక్క ధమని అని పిల్లలు వైరును పట్టుకుని చూశారు. తొడ హెర్నియా కోసం బొడిపెకు కిందా బయటివైపూ నీలం మేకు ఒకటి కొట్టాను. గజ్జ హెర్నియా మెడ బొడిపెకు పైన, లోపలివైపు. తొడ హెర్నియాది కింద, బయటివైపు. గుబ్బ మీద వేలు పెట్టి అడిగితే చాలు, చెప్పేస్తున్నారు.

ఇంతవరకు: ఖర్చు 2,570 రూపాయలు, పని 69 గంటలు. పారేసినవి: నాలుగు బెలూన్లు.

ఎనిమిదో దశ: వల, చిరుగు (అక్టోబరు 17 నుంచి నవంబరు 9)

వదులు చేసిన వెనుక గోడను బాగుచేసే రెండు పద్ధతులను చూపాను. 1880లలో ఇటలీలోని పాడువాలో ఎడోఆర్డో బస్సీని చేసినట్టు, కంజాయింట్ టెండన్‌ను ఇంగ్వైనల్ లిగమెంట్‌కు లాగి కుట్టడం మొదటిది. గుడ్డ మీద ఆ కుట్టు ఎంత బిగువుగా లాగుతుందో వేలికి తెలుస్తుంది. లాగకుండా వలను పరచి కుట్టే లిక్టెన్‌స్టయిన్ పద్ధతి 1980లలో వచ్చింది. దానికి దోమతెర ముక్క వాడాను. వల ఉన్నప్పుడు 85 దాకా గోడ ఉబ్బలేదు. శుద్ధిచేసిన దోమతెర వలనే ఉగాండాలో రోగులకు వాడి, ఖరీదైన వలతో పోల్చి చూశారు. 2016లో వెలువడిన ఆ ఫలితాల్లో ఏడాది తర్వాత రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

రెండు బ్యాచ్‌ల పిల్లలు వేళ్ళు పెట్టి చూశాక నవంబరు 2న బయటి ద్వారం కొన చిరిగింది. త్రికోణం 5 సెం.మీ. నుంచి 6.3 అయింది. కాజా కుట్టు అంచు పొడవునా సరిగానే ఉంది, కొన దగ్గరే విడిపోయింది. అక్క దానిని చూసి, చొక్కా కాజాకు చివర అడ్డంగా నాలుగు కుట్లు వేయకపోతే ఇలాగే చిరుగుతుందని చెప్పారు. నేను ఇంటికి వచ్చి పుస్తకం తెరిచాను. బయటి ద్వారం కొన దగ్గర, రెండు పట్టీలూ దూరం జరగకుండా అడ్డంగా వంపు తిరిగి సాగే పోగులు శరీరంలోనూ ఉన్నాయి. ఇంటర్‌క్రూరల్ పోగులని పేరు. మొదటి నుంచి చార్టులో ఉన్న ఆ గీతలను అలంకారంగా భావించి వదిలేశాను.

1. చిరుగును లోపలి నుంచి బక్రం పట్టీతో మూసి, కొనను మళ్ళీ 5 సెం.మీ. దగ్గరకు తేవాలి.
2. కొనకు పైన, రెండు పట్టీలనూ కలుపుతూ, మైనం రాసిన తెల్ల దారంతో ఆరు అడ్డ కుట్లు వంపుగా వేయాలి.
3. కుట్టును మరీ బిగించకూడదు. తాడు బయటికి వచ్చే దారి ఇరుకవుతుంది.

దోమతెర, మరమ్మతుతో కలిపి మొత్తం ఖర్చు 2,610 రూపాయలు, పని 72 గంటలు. నవంబరు 9న, మరొక బ్యాచ్ చూసి వెళ్ళాక కొలిస్తే త్రికోణం 5.1 సెం.మీ. ఉంది.